టైరు కొత్తదే... మరి వాల్వు?

కుక్కరు గాస్కెట్టు వదులైపోయి పక్కల్నుంచి ఆవిరి పోతోందనుకోండి. ఏం చేస్తాం? కొత్త గాస్కెట్టు తెచ్చి వేస్తాం. అది కూడా ఏదో ఒకటి కాదు. మూడు లీటర్లదా, అయిదు లీటర్లదా, ఏ కంపెనీది అని అడిగి మరీ తెచ్చుకుంటాం. సేఫ్టీ వాల్వు కరిగిపోతే ఆ కన్నాన్ని ఏ పిండిముద్దతోనో మూసి నెట్టుకురాం. చిన్న ముక్కే అయినా అది పాడైతే ఏమవుతుందో వంటింట్లో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి రోజూ పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే స్కూటరుకీ, కారుకీ ఉన్న రబ్బరు ముక్క సంగతేమిటి? గాలి కొట్టించేటప్పుడు బంకులో అబ్బాయి పైపు తగిలిస్తాడే, చక్రం రిమ్ములోంచి బొటనవేలంత బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది... అదే వాల్వు. దాన్నెప్పుడైనా వంగి చూశారా? చివరిసారి ఎప్పుడు మార్పించారో చెప్పగలరా? 'టైర్లు కొత్తవి వేయించాం కదా, దాంతోపాటు అదీ మార్చే ఉంటార్లే' అంటారేమో. చిక్కంతా అక్కడే ఉంది.

టైరు మారినప్పుడల్లా వాల్వు దానంతటది మారిపోదు. ట్యూబ్‌లెస్ టైర్లున్న బండిలో టైరు వేరు, వాల్వు వేరు. టైరు రిమ్ము మీద కూర్చుంటుంది. వాల్వు రిమ్ముకున్న కన్నంలో బిగుసుకుని ఉంటుంది. షాపులో పాత టైరు ఊడదీసి, కొత్తది ఎక్కించి, ఆ పాత వాల్వులోంచే గాలి కొట్టి పంపించేయొచ్చు. చూడ్డానికి ఏ తేడా తెలీదు. మంచి షాపులవాళ్లు అడక్కుండానే మారుస్తారు. అడిగితేనే మార్చేవాళ్లున్నారు. అడిగినా 'బాగానే ఉంది మేడం' అనేసేవాళ్లూ ఉన్నారు. అప్పటికే నాలుగైదేళ్లు ఎండలో మాడిన రబ్బరు, ఈ కొత్త టైరు అరిగేదాకా మళ్లీ ఇంకో నాలుగైదేళ్లు గాలిని పట్టుకోవాలన్నమాట! టైర్లకి వేలు పోసి, ఆ ధర ముందు లెక్కలోకే రాని ముక్క దగ్గర ఊరుకోవడం ఏం పొదుపు?

అందుకే ఈ వారం ఈ పేజీ చెప్పేది ఒకటే. కొత్త టైరు వేయించిన ప్రతిసారీ కొత్త వాల్వు వేయించాలి. ఆ మాట షాపులో అడగాల్సింది కూడా బండి నడిపే మనమే. ఆయనో, అబ్బాయో వెళ్లి చూసుకుంటారులే అని వదిలేసే పని కాదిది.

ఇంతకీ ఆ వాల్వులో ఏముంటుంది? రబ్బరు తొడుగు వేసిన ఇత్తడి గొట్టం ఒకటి. దాని లోపల మర తిప్పి బిగించిన చిన్న పిన్ను ఒకటి. స్ప్రింగుతో పనిచేసే ఈ పిన్ను గాలిని లోపలికి పోనిస్తుంది, బయటికి రానివ్వదు. పంచరు షాపులో 'పిన్ను పోయిందమ్మా' అంటే ఇదే. పైన మూత. ఇదేం కొత్త వింత కాదు. అమెరికాలో ష్రేడర్ కుటుంబం 1893లో దీనికి పేటెంటు తీసుకుంది. నూటముప్ఫై ఏళ్లు దాటినా మన స్కూటర్లకీ, కార్లకీ నడుస్తున్నది ఆ పద్ధతే. ఒకదాని మూత ఇంకోదానికి చక్కగా సరిపోతుంది కూడా.

పాత సైకిళ్ల పద్ధతి వేరు. వాటికి 'వాల్ ట్యూబు' అని సన్నటి రబ్బరు గొట్టం ముక్క ఉండేది, గుర్తుందా? అది మెత్తబడితే ఎంత పంపు కొట్టినా గాలి నిలిచేది కాదు. సైకిలు మీద హైస్కూలుకి వెళ్లిన ఆడపిల్లలు చాలామంది ఆ ముక్క కొనుక్కొచ్చి తామే ఎక్కించుకునేవాళ్లు. స్కూటరు దాకా వచ్చేసరికి ఆ చొరవ ఎటు పోయిందో!

రబ్బరుకి శత్రువులు మూడు. ఎండ, వేడి, గాలిలో ఉండే ఓజోను. సాగి, ఒత్తిడిలో ఉన్న రబ్బరుని ఓజోను తొందరగా తినేస్తుంది. సరిగ్గా వాల్వు మొదలు అలాంటి చోటే ఉంటుంది. రిమ్ము అంచుకి తగిలి వంగేచోట సన్నటి పగుళ్లు మొదలవుతాయి. రామగుండంలోనో, విజయవాడలోనో, కర్నూల్లోనో మే నెల మధ్యాహ్నం ఆఫీసు బయట నీడ లేకుండా నిలబెట్టిన బండి సంగతి మీకు తెలియంది కాదు. సీటు మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడే వాల్వుకీనూ. పైగా బ్రేకుల వేడి ఒకటి.

కొత్తదే కదా అని కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. 2008లో అమెరికాలో ఈ సంగతి పెద్ద రభస అయింది. 2006లో చైనాలో తయారై అక్కడికి వెళ్లిన రబ్బరు వాల్వులకి చాలా ముందుగానే పగుళ్లొచ్చాయి. ఓజోనుకి తట్టుకునే రబ్బరు సరిగ్గా పడలేదన్నమాట. చివరికి లక్షల కొద్దీ వాల్వులని వెనక్కి పిలవాల్సి వచ్చింది. అందుకని పేరూ ఊరూ లేని ప్లాస్టిక్ కవర్లోంచి తీసిన వాల్వు కంటే, తయారీ కంపెనీ పేరున్న ప్యాకెట్టులోది అడగడమే మేలు. ప్యాకెట్టు మీ ముందే విప్పమనండి. మందుల షాపులో తేదీ చూసి తీసుకోవడం లేదూ? అలాగే.

ఇప్పుడు మీ బండి దగ్గరికి వెళ్దాం. రెండు నిమిషాల పని. వాల్వుని వేలితో మెల్లగా ఒక పక్కకి వంచి, మొదట్లో చూడండి. బలవంతంగా లాగొద్దు. రబ్బరు నున్నగా, నల్లగా ఉంటే సరే. జుట్టు మందాన గీతలు కనిపించినా, రబ్బరు గట్టిపడి పెళుసుగా అనిపించినా మార్చే రోజు వచ్చిందన్నమాట. తర్వాత మూత తీసి, అంట్లు తోమే సబ్బు నీళ్లు కాసిని వాల్వు నోట్లో పోయండి. బుడగలొస్తే తప్పు పిన్నుది. పిన్ను కొంచెం బిగించినా, కొత్తది వేసినా సరిపోతుంది. టైరు విప్పాల్సిన పనే లేదు. బుడగలు నోట్లోంచి కాక మొదట్లోంచి, రిమ్ము దగ్గర్నుంచి వస్తే తప్పు వాల్వుది. దాన్ని మార్చక తప్పదు. ఈ తేడా తెలిస్తే చాలు, 'పంచరుందమ్మా, రెండున్నాయమ్మా' అనే మాటకి మీరు తల ఊపాల్సిన అవసరం సగం తప్పిపోతుంది. వారానికోసారి గాలి కొట్టించినా మళ్లీ దిగిపోతోందీ, టైరులో మేకు మాత్రం కనిపించట్లేదూ అంటే మొదట అనుమానించాల్సింది ఇక్కడే.

ట్యూబు ఉన్న పాత బండ్ల సంగతి వేరు. వాటిలో వాల్వు ట్యూబుకే అతికి ఉంటుంది. విడిగా మార్చడం కుదరదు. వాల్వు మొదట్లో చిరిగితే ట్యూబే కొత్తది వేయాలి. అక్కడ అతుకు వేస్తానంటే ఒప్పుకోకండి, నిలవదు. ఇంకో గుర్తు కూడా ఉంది. వాల్వు నిటారుగా లేకుండా ఒక పక్కకి వాలి కనిపిస్తే, గాలి తక్కువై లోపల ట్యూబు జరిగిందని అర్థం. అలాగే నడిపితే ఓ రోజు మొదలంటా తెగుతుంది. అదీ ఒక్కసారిగా.

ఎలాంటి వాల్వు వేయించాలి? మామూలు కార్లకి ఎక్కువగా వాడేది రిమ్ము కన్నంలోకి లాగితే 'టప్' మని కూర్చునే రబ్బరు వాల్వు. దానికి నంబర్లుంటాయి. 412 పొట్టిది, 413 మామూలుది, 414, 418 అంతకంటే పొడుగువి. ఇవన్నీ పదకొండున్నర మిల్లీమీటర్ల కన్నానికి. 415 అని ఇంకోటుంది, దాని కన్నం దాదాపు పదహారు మిల్లీమీటర్లు. ఒకదాని బదులు ఇంకోటి కుదరదు. ఇవన్నీ కంఠతా పట్టనక్కర్లేదు. పాతదాని మీద నంబరు చూసి అదే వేయమంటే సరి. పొడుగుదైతే గాలి కొట్టడం తేలికని కొందరు అంటగడతారు. చక్రం మీద మూత లాంటి కవరున్న కార్లకి పొడుగు అవసరమే. అది లేని బండికి పొడుగు వాల్వు వేస్తే, వేగంగా వెళ్లేటప్పుడు చక్రం విసురుకి బయటికి వంగి, మొదట్లో త్వరగా అలిసిపోతుంది. ఫుట్‌పాత్ అంచుకి గీసుకునే ప్రమాదం కూడా.

మామూలు రబ్బరు వాల్వు 65 పీయెస్సై ఒత్తిడి దాకా తట్టుకునేలా చేస్తారు. స్కూటర్లకీ, కార్లకీ మనం కొట్టించేది అందులో సగం అటూ ఇటూ కాబట్టి బెంగలేదు. కూరగాయలకో, క్యాటరింగుకో చిన్న ట్రాలీ నడిపే అక్కచెల్లెళ్లు మాత్రం తమ టైరుకి ఎంత గాలి కావాలో చూసుకుని, ఎక్కువ ఒత్తిడి వాల్వు అవసరమేమో అడగాలి.

స్కూటర్లకో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. చక్రం చిన్నది. వెనక చక్రం దగ్గర ఇంజనూ, సైలెన్సరూ అడ్డం. గాలి పైపు నేరుగా తగలక, ఆ అబ్బాయి వాల్వుని పక్కకి వంచి పట్టుకుని కొడుతుంటాడు. ప్రతిసారీ అలా వంచితే రబ్బరు ఎన్నాళ్లుంటుంది? పక్కకి తిరిగిన మెడ ఉన్న వాల్వులు దొరుకుతాయి. ఈసారి మార్చేటప్పుడు అది వేయమనండి. అయితే వేశాక చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి, బ్రేకుకి గానీ, ఫోర్కుకి గానీ తగలట్లేదని చూసుకునే బయల్దేరాలి.

మార్చే పని ఇంట్లో చేసేది కాదు. రిమ్ము అంచు నుంచి టైరుని విడదీయాలి, దానికి మిషను కావాలి. కానీ పక్కన నిలబడి చూడ్డానికి మనకేం అడ్డు? ముందు పిన్ను తీసి గాలంతా వదలాలి. టైరుని ఒక పక్క రిమ్ము నుంచి జరిపి, పాత వాల్వుని కోసి తీసేయాలి. కన్నం చుట్టూ తుప్పు, మట్టి ఉంటే శుభ్రం చేయాలి. చాలాచోట్ల ఎగ్గొట్టేది ఇదే. తుప్పు మీద కూర్చున్న కొత్త వాల్వు కూడా కారుతుంది. వాల్వుకి సబ్బు నీళ్లో, టైరు పేస్టో రాసి, లోపల్నుంచి బయటికి, దానికోసం ఉన్న పనిముట్టుతో లాగాలి. గ్రీజో, ఇంజనాయిలో రాస్తుంటే ఆపండి, అవి రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తాయి. కటింగ్ ప్లయర్‌తో పట్టి పీకినా ఒప్పుకోవద్దు, మర దెబ్బతింటుంది. కూర్చున్నాక రబ్బరు అంచు కన్నం చుట్టూ సమానంగా ఉండాలి. గాలి కొట్టి, సబ్బు నీళ్లు పోసి చూపించమనండి. కారు చక్రమైతే మళ్లీ బ్యాలెన్సింగ్ చేయించాలి. మీరు చూస్తున్నారని తెలిస్తే పని తీరే మారిపోతుంది. ఇడ్లీ పిండి రుబ్బేచోట మనం నిలబడితే నీళ్లు తక్కువ పోయడం లేదూ!

టైరు షాపులో ఇంకో విచిత్రం చూస్తుంటాం. బండి నడిపి తెచ్చేది ఆవిడ. డబ్బిచ్చేదీ ఆవిడే. షాపతను మాత్రం వెనక సీట్లో కూర్చుని వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడికి వివరాలు చెబుతాడు! మర్యాద కోసం అనుకుంటాడో, ఆడవాళ్లకి తెలీదనుకుంటాడో. కోపం తెచ్చుకోనక్కర్లేదు. 'బాబూ, పాత వాల్వు నా చేతికివ్వు, కొత్తదానికి బిల్లులో విడిగా రాయి' అనండి చాలు. మాట మీ వైపు తిరుగుతుంది. షాపుల యజమానులకి కూడా ఈ పేజీ తరఫున ఓ విన్నపం. టైరు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అని వరసగా రాస్తారు కదా, ఆ వరసలోనే వాల్వు అని ఇంకో గీత గీయండి. వేస్తే వేశామని, లేకపోతే లేదని తెలుస్తుంది. డ్రైవింగు స్కూళ్ల సంగతీ అంతే. క్లచ్చు, బ్రేకు, ఎనిమిది ఆకారం... ఇవన్నీ నేర్పి, గాలి చూడ్డం ఒక్క పూట నేర్పితే వాళ్ల సొమ్మేం పోతుంది?

ఇదంతా డబ్బుల విషయం మాత్రమే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. గాలి తగ్గిన టైరు పక్కలు ఎక్కువగా మడతపడి వేడెక్కుతాయి. ఎండాకాలం హైవే మీద టైరు పేలడానికి ఇదో ముఖ్యమైన కారణం. స్కూటరుకైతే మలుపులో వాల్వు తెగితే చాలు, హ్యాండిలు చేతిలో నిలవదు.

ఇంకొకటి ఉంది. రాయడానికి చెయ్యి రాదు, అయినా రాయక తప్పదు. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్ ప్లాజా వద్ద ఓ యువ పశువైద్యురాలికి జరిగిన ఘోరం మనలో ఎవరమూ మర్చిపోలేదు. ఆమె నిలిపి వెళ్లిన స్కూటరు టైరులోంచి కావాలనే గాలి తీసి, సాయం చేస్తామంటూ దగ్గరికొచ్చారని పోలీసులు చెప్పారు. ఆ నేరానికి బాధ్యులు ఆ నేరం చేసినవాళ్లే. ఆ వేళప్పుడు ఎందుకు వెళ్లింది, బండి అక్కడెందుకు పెట్టింది అంటూ ఆ అమ్మాయి మీదికి నెట్టే మాటల్ని ఈ పేజీ ఒప్పుకోదు. కానీ ఆ రాత్రి తర్వాత చాలా ఇళ్లల్లో అమ్మాయిల చేతుల్లోంచి బండి తాళాలు లాక్కున్నారు. తాళాలు లాక్కోవడం కాదు, ఇవి చెప్పి తాళాలివ్వండి.

ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే సాధారణంగా గాలి మెల్లగా పోతుంది. టైరు ఆ మేకుని గట్టిగా పట్టుకునే ఉంటుంది కాబట్టి. బాగున్న బండి గంటో రెండు గంటలో నిలబెట్టి వచ్చేసరికి రిమ్ము నేలకి ఆని ఉందంటే, వాల్వన్నా తెగి ఉండాలి, పిన్నన్నా వదులై ఉండాలి, ఎవరన్నా గాలి తీసి అయినా ఉండాలి. మూత కనిపించకపోతే అనుమానం ఇంకా గట్టిది. అప్పుడు కారణం వెతుక్కుంటూ చీకట్లో వంగి కూర్చోవద్దు. అడక్కుండా సాయానికొచ్చినవాళ్లకి బండి అప్పగించొద్దు. పోతే బండే పోతుంది. వెలుతురూ, జనమూ ఉన్నచోటికి వెళ్లి 112కి ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. తోడు వచ్చాక బండి సంగతి చూడొచ్చు. పిన్ను నొక్కి గాలి మాత్రమే తీసుంటే, బ్యాటరీతో నడిచే చిన్న పంపుతోనో, కాలి పంపుతోనో కొడితే అయిదు పది నిమిషాల్లో బండి కదులుతుంది. పిన్నే తీసేసి ఉంటే పంపు ఒక్కటే చాలదు. సీటు కింద డబ్బాలో రెండు పిన్నులు, వాటిని తిప్పే చిన్న తాళం పెట్టుకోవాలి. కొన్ని లోహపు మూతలకి ఆ తాళం మూత తల మీదే ఉంటుంది. పగలు, ఇంటి ముందు, ఓసారి తీసి బిగించి చూడండి. వేళ్లతో బిగిస్తే చాలు, మరీ బిర్రుగా తిప్పితే లోపలి రబ్బరు నలుగుతుంది.

గాలి చూసుకోవడం మాత్రం పదిహేను రోజులకోసారైనా ఉండాలి. బండి చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే అయితే మంచిది. ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కార్లకి డ్రైవరు తలుపు దగ్గర అంటించి ఉంటుంది. ముందు వెనకలకి వేరువేరు లెక్క, ఇద్దరెక్కితే వేరే లెక్క. ప్రభుత్వ ఆయిల్ కంపెనీల నియమావళి ప్రకారం పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా అందుబాటులో ఉంచాలి. 'మిషను పాడైంది' అన్న అట్టముక్క నెలల తరబడి వేలాడుతుంటే ఆ బంకులో ఫిర్యాదు పుస్తకం అడగండి. అదీ ఇవ్వకపోతే కంపెనీ నంబరు అక్కడే బోర్డు మీద ఉంటుంది. గాలి దగ్గర మగవాళ్ల గుంపు చూసి వెనక్కొచ్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. పెట్రోలుకి మనం ఇచ్చేదీ అదే డబ్బు కదా!

కొత్త కార్లు కొన్నవాళ్లకి ఒక్క మాట. కొన్నింట్లో టైరులో గాలి తగ్గితే ముందున్న తెర మీద దీపం వెలుగుతుంది. చాలా కార్లలో ఆ కబురు పంపేది వాల్వు వెనకాలే, టైరు లోపల ఉండే చిన్న సెన్సరు. టైరు విప్పేముందే 'లోపల సెన్సరుంది' అని చెప్పండి. లేకపోతే ఇనప పలుగు దెబ్బకి అది విరిగి కూర్చుంటుంది, దాని ఖరీదు వాల్వు ఖరీదులా ఉండదు. 2020 జూలైలో కేంద్ర రవాణా శాఖ ఓ సవరణ కూడా చేసింది. ట్యూబ్‌లెస్ టైర్లూ, ఇలా గాలి తగ్గితే చెప్పే ఏర్పాటూ, పంచరు కిట్టూ ఉన్న కార్లలో స్టెప్నీ ఉండి తీరాలని లేదు. ఆ పంచరు కిట్టు టైరు అడుగున పడ్డ చిల్లికి పనికొస్తుంది గానీ, తెగిన వాల్వుకి పనికిరాదు. కాబట్టి కారు కొనేటప్పుడే డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో చూసుకోండి. ఉంటే దాని వాల్వునీ సబ్బు నీళ్లతో పరీక్షించండి. డిక్కీలో నీడపట్టునే ఉన్నా దానికీ కారంత వయసుంటుంది. సెన్సరున్న వాల్వు కొన్ని కార్లలో అల్యూమినియంది. దాని మీద ఇత్తడి మూత బిగిస్తే వానాకాలం గడిచేసరికి రెండూ అతుక్కుపోయి, మూతతోపాటు వాల్వూ విరిగొస్తుంది. ప్లాస్టిక్ మూతే పెట్టించండి.